బందర్లో ఇల్లు అద్దెకిచ్చిన మనిషి

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. నాన్న పదో తరగతి తప్పి బందరు దగ్గర ఒక రైసు మిల్లులో గుమాస్తాగా చేరాడు. అమ్మ ఏడుతో ఆపేసింది. ఎప్పుడో పెద్దమ్మ పెట్టిన వీసా కాగితాలు కదిలి కదిలి, నాకు పదేళ్ళప్పుడు ముగ్గురం న్యూజెర్సీలో దిగాం. అందుకేనేమో, నాకు జరిగిన ఏ మంచీ నా ఒక్కదానిదే అనిపించేది కాదు. చిన్న క్విజ్‌లో మార్కులొచ్చినా ఫోన్‌లో చెబితే తృప్తి ఉండేది కాదు. కారు తీసి నేరుగా పార్సిప్పనీలో మా షాపుకి పోయేదాన్ని. తలుపుకి కట్టిన గంట మోగడం ఆగేలోపే మొదలుపెట్టేదాన్ని.

మాది కిరాణా షాపు. ఒక పక్క లాండ్రీ, ఇంకో పక్క పిజ్జా. సోనా మసూరి బస్తాలు, ఇండియా ఫోన్ కార్డులు, అద్దెకి సినిమా డీవీడీలు, గురువారం ట్రక్కులో వచ్చే గోంగూర, కరివేపాకు. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లలో సగం మంది తెలుగు కన్సల్టెంట్లు. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఎవరి భార్యకి ఏ నెల నడుస్తోందో, ఎవరి ప్రాజెక్టు అయిపోవచ్చిందో వాళ్ళు కొనే సరుకులను బట్టి చెప్పేసేవాడు.

డిగ్రీ ఆఖరి ఏడాది సెప్టెంబరులో నా థీసిస్ టాపిక్ ఓకే అయింది. మొదటి ఇంగ్లీషు వర్తకులు మన తీరంలో కాలు ఎలా మోపారు అన్నది నా టాపిక్. ప్రొఫెసర్ సంతకం తడి ఆరకముందే షాపులో ఉన్నాను. నాన్న బెండకాయలు ఏరుతున్నాడు.

"నాన్నా! వాళ్ళు వచ్చింది ఎక్కడికో తెలుసా? మన బందరుకి!"

"ఎవరు?"

"ఇంగ్లీషువాళ్ళు. నాలుగొందల ఏళ్ళ కింద. మన బట్టల కోసం. ఫ్యాక్టరీ పెట్టారని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఫ్యాక్టరీ అంటే యంత్రాలేం కాదు, అద్దె ఇల్లు. కింద సరుకు, పైన పడక. అంతే!"

నాన్న ముదురు బెండకాయ ఒకటి విరిచి పక్కన పడేశాడు. "అయితే వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చినవాడు మనూరివాడే అన్నమాట."

"అయ్యుండాలి."

"మంచోడే అయ్యుంటాడు. పరాయి దేశంలో ఇల్లు దొరకడం మాటలా?" అని అమ్మ వైపు చూశాడు. మేము దిగిన కొత్తల్లో మాకు ఇల్లివ్వడానికి ఎంతమంది మొహం తిప్పుకున్నారో ఇద్దరికీ గుర్తే.

ఆ చలికాలం ఎదురు అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్ ఖాళీ అవుతూ వచ్చింది. ఉద్యోగాలు ఊడిపోతున్నాయి. కొందరు టెక్సస్‌కి, కొందరు ఇండియాకి. వెళ్ళేవాళ్ళు మిగిలిన ఫోన్ కార్డులు వెనక్కి తీసుకుంటావా అని నాన్నని అడిగేవాళ్ళు. మా షాపు లీజు మే నెలాఖరుకి అయిపోతుంది. బిల్డింగ్ ఓనర్ దాన్ని మళ్ళీ ఐదేళ్ళకి రాసిస్తేనే మేం నిలబడతాం. ఎవరూ పైకి అనకపోయినా, "మే" అన్న మాట ఎప్పుడొచ్చినా అమ్మ చెయ్యి మెళ్ళో పుస్తెల మీదకి పోయేది.

అలాంటప్పుడు ఒక ఆదివారం ఆయన వచ్చాడు, భార్యని వెంటబెట్టుకుని. తాంబూలం పళ్ళెం, అరటిపళ్ళు, నాన్నకి చొక్కా గుడ్డ, అమ్మకి చీర. అంతకుముందు మా షాపులో రెండు మూడుసార్లు పప్పులు కొన్నారు, అంతే పరిచయం. ఆయన ఉద్యోగం పోయి నాలుగు నెలలైందట. ఆవిడ చేతి ఇడ్లీ, ఊరగాయ బాగుంటాయని అందరూ అంటారట.

"ఒక్క టేబుల్ బావగారూ. శని, ఆదివారాలు. తలుపు పక్కన ఆ మూల చాలు," అన్నాడు.

అప్పుడే బావగారు అయిపోయాడు నాన్న. అమ్మ అక్కయ్య అయింది. నేను అలవాటుగా "హలో అంకుల్" అన్నాను.

"అంకులేంటమ్మా పరాయివాళ్ళలాగా? మావయ్యా అను."

అన్నాను. అప్పటి నుంచీ ఆయన నాకు మావయ్యే. ఇప్పుడు రాస్తున్నా ఇంకో మాట రావట్లేదు.

పళ్ళెం పుచ్చుకున్నాక నాన్న కాదనలేడు. మా నాన్న మొహమాటం అంతా ఇంతా కాదు. పుచ్చిన కందిపప్పు పోసి వెళ్ళిన హోల్‌సేల్ వాడికి కూడా టీ ఇచ్చి పంపిన మనిషి. వాళ్ళు వెళ్ళాక అమ్మ చీర మడత విప్పి చూసింది. "రంగు బాగుంది. ఇంతకీ ఇది చీరా, అద్దె అడ్వాన్సా?"

"ఊరుకోవే. పాపం, ఉద్యోగం పోయినవాడు."

నేను మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాను. "అమ్మా, ఇది నజరానా! వాళ్ళూ అచ్చం ఇలాగే చేశారు. ముందు కానుకలు, తర్వాత చిన్న కోరిక. మొగలు పాదుషాకి గుర్రబ్బండి పట్టుకెళ్ళారు. బొమ్మలు, టోపీలు, కత్తులు కూడా!"

"మనకి అరటిపళ్ళు తెచ్చాడులే," అంది అమ్మ.

ఇడ్లీలు నిజంగానే బాగుండేవి. రెండో వారానికే జనం మొదలయ్యారు. ఇడ్లీ కోసం వచ్చినవాళ్ళు పోతూ పోతూ బియ్యం, నూనె కొనేవాళ్ళు. చాన్నాళ్ళకి షాపులో మాటలు వినబడ్డాయి. నాన్న మొహంలో రంగొచ్చింది. టేబుల్ పక్కన ఇంకో టేబుల్ చేరింది. డీవీడీల ర్యాక్ లోపలికి జరిగి, అక్కడ ఊరగాయల గాజు బీరువా వచ్చింది. తర్వాత పిండి పెట్టుకోవడానికి ఒక ఫ్రిజ్. శని, ఆదివారాలు కాస్తా రోజూ అయ్యాయి. దేనికదే చిన్న విషయం. దేనికీ ఎవరూ గట్టిగా సరే అన్నట్టు నాకు గుర్తులేదు. కాదన్నట్టు కూడా లేదు.

ఇక మావయ్య. నా థీసిస్ సంగతులు పూర్తిగా విన్న మనిషి ప్రపంచంలో ఆయనొక్కడే. కజిన్లకి చెబితే టాపిక్ మార్చేవాళ్ళు. అమ్మానాన్నలు మురిసిపోయేవాళ్ళు గానీ మధ్యలో కస్టమర్ వస్తే లేచిపోయేవాళ్ళు. మావయ్య చట్నీ డబ్బాలకి మూతలు పెడుతూనే వినేవాడు. ప్రశ్నలు అడిగేవాడు.

"అవునమ్మా, అద్దె ఇల్లు దొరికింది, వ్యాపారం నడుస్తోంది. ఇంకా రాజు చుట్టూ తిరగడం దేనికి?"

"కాగితం కోసం మావయ్యా! ఫర్మానా! బందరులో గవర్నర్లు ఊరికే మారిపోయేవాళ్ళు. కొత్తవాడు వచ్చినప్పుడల్లా మళ్ళీ కానుకలు, మళ్ళీ బతిమాలడం. అదే గోల్కొండ సుల్తాను చేత ఒక్క ఫర్మానా రాయించుకుంటే ఎవడూ అడ్డు రాడు. మనుషులు మారతారు, కాగితం మారదు కదా."

ఆయన చేతిలో మూత ఆగింది. "రాయించుకున్నారా మరి?"

"రాయించుకున్నారు. తీరం వెంట దక్షిణానికి దిగితే ఇంకో చోట ఇంకా గమ్మత్తు జరిగింది. అక్కడ ఒక నాయకుడు సముద్రం పక్కన ఇసుక నేల రాసిచ్చాడు. ఆయన పైన అసలు రాజు వేరే ఉన్నాడు. కొన్నేళ్ళకి ఆ రాజు ఏం చేశాడు? నేరుగా తన పేరుతో ఇంకో పత్రం రాసిచ్చాడు."

"ఎవరికి, ఆ నాయకుడికా?"

"కాదు, ఇంగ్లీషువాళ్ళకి. అదే మద్రాసు!"

"అబ్బో," అన్నాడు మావయ్య. మూత బిగిస్తూ, "చదువంటే ఇదమ్మా," అన్నాడు. ఆ మాటకి నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన నాన్నని అడిగాడు. "బావగారూ, మన మధ్య కాగితం ఏమిటనుకోవద్దు. కౌంటీ హెల్త్ వాళ్ళు ఎవరైనా వస్తే, ఈ మూల నాదే అని చూపించడానికి ఒక్క ముక్క. అమ్మాయి రాస్తే చాలు. ఇంగ్లీషు ఎంత బాగా రాస్తుంది!"

నాన్న నా వైపు చూశాడు. గర్వంగా చూశాడు. అన్నేళ్ళూ షాపుకి వచ్చిన ప్రతి ఇంగ్లీషు ఉత్తరం పిజ్జా షాపతని దగ్గరికి పట్టుకెళ్ళి చదివించుకున్న మనిషి ఆయన. "రాయి తల్లీ," అన్నాడు.

రాశాను. ఎలా రాశానో ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. మామూలుగా రాస్తే ఏం బాగుంటుందని, నా థీసిస్‌లో ఉన్న ఫర్మానాల అనువాదాల ధోరణిలో రాశాను. ఈ షాపు ముందు భాగంలో ఈయన వండినవీ, కొన్నవీ, ఏ సరుకైనా అమ్ముకోవచ్చు. తన సామాను ఉంచుకోవచ్చు. తాళం చెవి తన దగ్గర పెట్టుకోవచ్చు. షాపుకి చెందినవారెవరూ ఆటంకపరచరాదు. వ్యాపారం సాగినన్నాళ్ళూ ఈ అనుమతి చెల్లుతుంది. నాన్న సంతకం పెట్టాడు. సాక్షిగా నేను పెట్టాను. అమ్మకి గట్టిగా తెలుగులో చదివి వినిపించాను కూడా, నాటకంలో భటుడిలాగా చెయ్యి ఊపుతూ. నలుగురం నవ్వుకున్నాం. మావయ్య భార్య, ఆవిడ నాకు ఆంటీయే, కరెంటు పెనం మీద వేడి వేడి పెసరట్లు పోసి పెట్టింది.

షాపు లీజు, అసలుది, క్యాష్ కౌంటర్ కింద సొరుగులోనే ఉంది, పాత క్యాలెండర్ల అడుగున. ముప్ఫై పేజీలు. నాన్న చదవలేక సంతకం పెట్టాడు. నేను నాలుగొందల ఏళ్ళనాటి ఉత్తరాలు లైబ్రరీలో కళ్ళు చిట్లించుకుని చదివాను. ఎవరు ఏ హక్కుతో ఏది రాసిచ్చారు అని పేజీలకి పేజీలు రాశాను. ఆ సొరుగు మాత్రం తెరవలేదు. తెరిస్తే ఉండేది: షాపులో ఏ భాగమైనా ఇంకొకరికి ఇవ్వాలంటే ముందుగా ఓనర్ రాతపూర్వకమైన అనుమతి కావాలి. లేకపోతే లీజు పొడిగించాల్సిన పని ఓనర్‌కి లేదు.

మార్చిలో మావయ్య స్టవ్ పెట్టాలనుకున్నాడు. స్టవ్ అంటే పైన పొగ గొట్టం కావాలి, గొట్టం అంటే బిల్డింగ్ ఓనర్ ఒప్పుకోవాలి. ఓనర్ ఆఫీసుకి వెళ్ళి నేను రాసిన కాగితం చూపించాడు. ఇది తర్వాత ఆయనే చెప్పాడు, దాచలేదు.

నాకు ఇవేమీ తెలీదు. ఏప్రిల్ అంతా థీసిస్ ఆఖరి చాప్టర్లలో ఉన్నాను. మే మొదట్లో ఫోన్ వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏడాది బెస్ట్ థీసిస్ నాదే. షాపుకి ఎలా డ్రైవ్ చేశానో గుర్తులేదు. గంట మోగుతుండగానే అరిచాను. "నాన్నా, ఫస్ట్! నాకే ఫస్ట్!"

షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆంటీ మైసూర్‌పాక్ ముక్క నా నోట్లో కుక్కింది. నాన్న నవ్వాడు గానీ కౌంటర్ దాటి రాలేదు. అమ్మ ఫ్రీజర్ దగ్గర నిలబడి వెనక్కి తిరక్కుండా, "చాలా సంతోషం తల్లీ," అంది. అలిసిపోయి ఉంటుందనుకున్నాను.

గ్రాడ్యుయేషన్‌కి ఇద్దరూ వచ్చారు. నాన్న టై మావయ్యే కట్టాడు. నా పేరు పిలిచినప్పుడు అంత పెద్ద స్టేడియంలో నాన్న లేచి నిలబడి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు, ఎవరికో మరి. తిరిగొస్తుంటే కారులో నేను ఆగకుండా మాట్లాడుతున్నాను. గౌను కూడా విప్పలేదు. ఆ పేపర్‌ని ఇంకా పెంచి రాయమన్నారు, పీహెచ్‌డీకి అప్లై చేయమన్నారు, అక్కడైతే ఫీజు ఉండదు, వాళ్ళే జీతంలా ఇస్తారు. పార్సిప్పనీ ఎగ్జిట్ దగ్గర అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. ఆనందమనుకుని నేనూ ఏడ్చాను.

"ఆనందం కాదే," అంది అమ్మ. "లీజు ఇవ్వనన్నారు."

"ఇవాళ వద్దన్నాను కదే," అన్నాడు నాన్న.

ఉత్తరం వచ్చి మూడు వారాలైందట. నా పరీక్షలు, నా ఫంక్షన్ అయ్యేదాకా చెప్పకూడదని ఇద్దరూ అనుకున్నారు. పిజ్జా షాపతని చేత చదివించుకున్నారు. ఇంటికి వెళ్ళకుండా షాపుకే వెళ్ళాం. గౌనుతోనే సొరుగు తెరిచి ఉత్తరం చదివాను. దానికి పిన్ను కొట్టి నా కాగితం కాపీ ఉంది, నా సంతకంతో సహా. పరిశోధన చేసేవాళ్ళు ఇలాంటి పత్రం దొరికితే ఎగిరి గంతేస్తారు. అంత స్పష్టంగా ఉంది. అనుమతి లేకుండా షాపు ఇంకొకరికి ఇచ్చారనడానికి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

మావయ్య వంట మధ్యలో నుంచి వచ్చాడు, చేతులు తుడుచుకుంటూ.

"నేను పొగ గొట్టం కోసమే వెళ్ళానమ్మా. వాళ్ళే అడిగారు, మీ పేరున లీజు తీసుకుంటారా అని. నేను తీసుకోకపోతే ఇంకెవడో తీసుకుంటాడన్నారు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు."

నేను ఏమన్నా అనాలని అమ్మ చూస్తోంది. ఆఫీసుకి ఫోన్ చేసి నా ఇంగ్లీషులో వాదిస్తానని కూడా అనుకుని ఉంటుంది. సోమవారం వెళ్ళాను, వాదించాను కూడా. వాళ్ళు ఎంతో మర్యాదగా విని, ఆ కాగితం రాసింది మీరేనా అని అడిగారు. అవునన్నాను. చాలా బాగా రాశారన్నారు.

ఒక లాయర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ముప్ఫై పేజీలూ తిప్పి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మా చేతిలో పెట్టాడు.

మే నెలాఖరున లీజు మావయ్య పేరుకి మారింది, మా బోర్డు దింపారు. అప్పుడు మావయ్య ఇంకో మాట అన్నాడు. "బావగారూ, మీరెక్కడికీ వెళ్ళొద్దు. జనానికి మీరు తెలుసు. ఇక్కడే ఉండండి. మీదే అనుకోండి."

నాన్నకి మళ్ళీ మొహమాటం వచ్చింది. నేను వద్దన్నాను, అమ్మ వద్దంది. "ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారే," అన్నాడు నాన్న, అంతే. బియ్యం బస్తాలు వెనక గోడకి పోయాయి. ముందంతా బల్లలు, కుర్చీలు. తలుపుకి అదే గంట. నాన్న నల్ల ఏప్రాన్ కట్టుకుని ప్లేట్లు అందించేవాడు. ఎవరి భార్యకి ఏ నెలో ఇప్పుడూ చెప్పగలడు గానీ, ఎవరూ అడగరు. అమ్మ ఆ గడప తొక్కడం మానేసి ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. ఆ చీర కట్టుకోనూ లేదు, పారేయనూ లేదు.

మరుసటి మార్చిలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఐదేళ్ళు, ఫీజు లేదు. కాళ్ళకి పాత అలవాటు పోలేదు. ఉత్తరం చదవడం పూర్తయ్యేసరికి కారులో ఉన్నాను. గంట మోగింది. మధ్యాహ్నం రద్దీ తగ్గి, నాన్న మూల బల్ల తుడుస్తున్నాడు. మొదట ఇడ్లీ టేబుల్ వేసింది ఆ మూలే.

"నాన్నా, సీటొచ్చింది! డాక్టరేటు!"

నాన్న గుడ్డ భుజాన వేసుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన చేతులకి సబ్బు వాసన. కళ్ళు మెరిశాయి, నిజంగానే. "దాంట్లో ఏం చదవాలి మరి?"

"అదే నాన్నా. ఆ వర్తకుల గురించే, ఇంకా లోతుగా."

"ఓహో." మళ్ళీ తుడవడానికి వంగి, అంతలో ఆగాడు. "అవునుగానీ, బందర్లో వాళ్ళకి మొదట ఇల్లు అద్దెకిచ్చాడన్నావే. ఆయనకి చివరికి ఏమైంది?"

నేను చదివిన ఉత్తరాలన్నీ తలలో తిప్పాను. బట్టల ధరలున్నాయి. జ్వరాలున్నాయి. గవర్నర్ల మీద ఫిర్యాదులున్నాయి. ఇంటి కప్పు కారుతోందని ఒక చోట ఉంది.

"తెలీదు నాన్నా. నేను చదివినవన్నీ వాళ్ళు రాసుకున్నవే. వాటిల్లో ఆయన గురించి ఏమీ లేదు."

"పేరన్నా లేదా?"

"లేదు."

నాన్న బల్ల మీద ఎండిన సాంబారు చుక్కని గోరుతో గీకాడు. "ఏదో ఒక పని ఇచ్చే ఉంటార్లే," అన్నాడు.

లోపల్నుంచి మావయ్య కేకేశాడు. "బావగారూ, రెండు మసాలా రెడీ!"

"వస్తున్నా," అని నాన్న వెళ్ళిపోయాడు. చేతిలో ఉత్తరం పట్టుకుని, ఆయన తుడిచిన బల్ల దగ్గరే నిలబడ్డాను. స్టైపెండ్ సంగతి ఇంకా చెప్పనేలేదు.